చెలమలో ముంచిన మీటరు

నాకూ మా అమ్మాయికీ టైఫాయిడ్ తగ్గి మూడు నెలలు దాటింది. కోలుకున్నాక జబ్బు గురించి చెప్పుకోవడం పెద్ద కష్టం కాదు. నలుగురూ వచ్చి జాలిపడతారు, బత్తాయిలు తెస్తారు, తమకు తెలిసిన జ్వరాల కథలు రెండు చెప్పి పోతారు. జబ్బు ఎట్లా వచ్చిందో చెప్పుకోవడమే నాకు కష్టంగా ఉంది. నేను చేతులారా తెచ్చుకున్న జబ్బును తీసుకుపోయి ఇంకొకరి నెత్తిన పెట్టాను. ఆ ఇంకొకరు మా పాలెంలో చేపల పులుసు వండి బతికే రమణమ్మత్త. ఒడ్డుకు పోయి గుడారాలు వేసుకునేవాళ్లకు పనికొచ్చే ముక్కలు ఇందులో రెండు మూడు ఉంటే ఉండొచ్చు. నేను మాత్రం సిగ్గు ఆపుకోలేక రాస్తున్నాను.

నేను కృష్ణపట్నం దగ్గర ఒక థర్మల్ ప్లాంటులో కెమిస్టుని. బాయిలర్లలోకి పోయే నీళ్లను పరీక్ష చేయడం నా పని. ఆ నీళ్లలో ఉప్పు ఏమాత్రం మిగిలినా గొట్టాలు తినేస్తుంది, అందుకని గంటగంటకూ చూస్తాం. ప్లాంటులో అందరూ నన్ను ‘వాటర్ సార్’ అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ఈ మధ్యే తెలిసింది.

పుట్టింది కోట వైపు సముద్రం ఒడ్డున, వేటకు పోయేవాళ్ల పాలెంలో. మా ఒడ్డున తాగేందుకు నీళ్లు కావాలంటే ఇసుకలో చెలమ తీస్తారు. అలలకు దూరంగా, దిబ్బ వెనక మోకాటి లోతు గుంత తవ్వి కాసేపు ఆగితే అడుగున నీరు ఊరుతుంది. మొదటి నీళ్లు మడ్డిగా ఉంటాయి కాబట్టి తోడి పారబోసి, మళ్లీ ఊరేదాకా కూర్చుని, అప్పుడు చిప్పతో ముంచుకోవాలి. పక్కనే అంత సముద్రం పెట్టుకుని ఈ నీళ్లు ఇంత తియ్యగా ఎట్లా ఉంటాయా అని బయటి నుంచి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. మా అమ్మ బిందెలకెత్తింది ఆ నీళ్లే, నేను తాగి పెరిగింది ఆ నీళ్లే. మా తీరంలో నీళ్ల మంచిచెడులు తేల్చేది నాలుక. ఉప్పగా ఉంటే ఉమ్మేస్తాం, తియ్యగా ఉంటే తాగుతాం. తర్వాత చదువుకుని చేరిన ఉద్యోగంలోనూ ఉప్పే శత్రువు. ఊరూ చదువూ కలిసి నాకు ఒకే పాఠం చెప్పాయి. అది సగం పాఠమేనని నాకు ఎన్నడూ తట్టలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మేం నలుగురం ఒడ్డుకు పోయాం. నేను, నా భార్య హేమ, పదేళ్ల మా అమ్మాయి మధు, హేమ తమ్ముడు కిరణ్. కిరణ్‌కు చెన్నైలో ఉద్యోగం. ఆన్‌లైన్లో గుడారం కొన్నాడు, దాన్ని ఎక్కడైనా వేసి చూడాలని వాడి ఆత్రం. మా పాలేనికి ఒక మైలు ఇవతల, సరుగుడు తోట పక్కన వేశాం. కిరణ్ రెండు క్యాన్ల నీళ్లు, చిన్న గ్యాసు స్టవ్వు తెచ్చాడు. సాయంత్రానికి రమణమ్మత్త చేత వంజరం పులుసు, అన్నం చెప్పి ఉంచాను. హేమ శనివారం నీసు ముట్టదు కాబట్టి తనకు పెరుగన్నం కట్టుకొచ్చింది.

గుడారం నిలబడ్డాక నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పార తీసుకుని దిబ్బ వెనక చెలమ తీశాను. తీస్తూ చూశాను కూడా. సరుగుడు చెట్ల అవతల వారాంతాల్లో వచ్చే జనం కోసం ఎవరో రేకులతో మరుగుదొడ్లు కట్టారు. వాటి కింద సిమెంటు లేని వట్టి గుంతలు. నలభై అడుగుల దూరం కూడా ఉండదు. నా చిన్నప్పుడు ఇవి లేవే అనుకున్నాను, అంతటితో ఆ ఆలోచన వదిలేశాను. నీళ్లు ఊరాయి, తేరుకున్నాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తియ్యగా ఉంది.

చెంబుతో తెచ్చి పెడితే కిరణ్ నవ్వాడు. “క్యానుల్లో ఉండగా ఇవెందుకు బావా?”

“మీ మద్రాసోళ్లకి క్యాను తప్ప వేరే నీళ్లు తెలిస్తే గదా. ఇవి మా అమ్మ తాగిన నీళ్లు.”

“సరే, స్టవ్వు ఉంది గదా. ఒక పొంగు రానిస్తా.”

“మరగబెడితే రుచి పోద్ది. ఉండు, నీకు లెక్క చూపిస్తా.”

నా సంచిలో ఎప్పుడూ పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. తీసి చెంబులో ముంచాను. నూట తొంభై చూపించింది. “చూసినావా, మా ఫ్లాటు బోరు నీళ్లకి ఇదే మీటరు తొమ్మిది వందలు చూపిస్తది” అన్నాను. ఆ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులను లెక్కపెడుతుంది, అంతే. క్రిములు కోటి ఉన్నా దానికి కనపడవు. ఈ సంగతి నాకు తెలియక కాదు. పరీక్షలో అడిగితే రాసి మార్కులు తెచ్చుకునేవాణ్ణి. ఆ రోజు ఒడ్డు మీద నేను పరీక్ష రాయడం లేదు, గొప్పలు చెప్పుకుంటున్నాను.

“సైంటిస్టు బావతో ఎవరు వాదిస్తారు” అని కిరణ్ తన గ్లాసు క్యాను కింద పెట్టుకున్నాడు. హేమ “నాకొద్దులెండి” అంది. నాకు కోపం వచ్చింది. “అయితే ఆ క్యాను నీళ్లు కాళ్లు కడుక్కోడానికి ఉంచండి” అన్నాను. మధు మా ముగ్గురి మొహాలూ చూసింది. నేను ఒంటరినయ్యానని దానికి అనిపించినట్టుంది. గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, “నేను నాన్న పార్టీ” అంది. దానికి నిండుగా పోశాను. ఆదివారం మధ్యాహ్నం దాకా మేమిద్దరం ఆ నీళ్లే తాగాం.

చీకటి పడకముందే రమణమ్మత్త చట్టి నెత్తిన పెట్టుకుని వచ్చింది. అత్త నాకు వరసకు అత్త కాదు, మా అమ్మకు స్నేహితురాలు. మొగుడు పోయాక ఒడ్డుకు వచ్చేవాళ్లకు వండిపెట్టడం మొదలుపెట్టింది. మా ప్లాంటు వాళ్లకు ఆమెను చూపించింది నేనే. రోడ్డు పక్కనే చట్టి దించి, మధు బుగ్గ గిల్లి, ఇంటి దగ్గర మనవరాలు ఒక్కతే ఉందని వెంటనే వెళ్లిపోయింది. దిబ్బ వెనకకు రాలేదు, చెలమ చూడలేదు.

ఒడ్డు నుంచి వచ్చిన పదకొండో రోజు ప్లాంటు బస్సులో ఇంటికి వస్తుంటే వణుకు పుట్టింది. కిటికీ అద్దం మూసినా తగ్గలేదు. రెండు కళ్ల వెనకా ఎవరో బొటనవేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు తలనొప్పి. పొద్దున కాస్త నిమ్మళించేది, సాయంత్రానికి మళ్లీ ఎక్కేది. జ్వరం బిళ్లలు మింగుతూ నాలుగు రోజులు డ్యూటీకి పోయాను. అన్నం చూస్తే వాంతి వచ్చేది, నోరు తుప్పు పట్టినట్టు ఉండేది. ఐదో రోజు ల్యాబులో కుర్చీలోంచి లేవలేకపోతే తోటివాళ్లు నెల్లూరుకు తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చారు.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి టైఫాయిడ్ అంది. తర్వాత మామూలుగా అడిగింది: “ఈ రెండు మూడు వారాల్లో బయట ఎక్కడైనా నీళ్లు తాగారా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను. ఆమె చేతిలోని కాగితం మీద నా పేరు పక్కనే నా ఉద్యోగం రాసి ఉంది. తలుపు దగ్గర మా ప్లాంటు ల్యాబు వాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. “నీళ్లు లేదండీ” అన్నాను. “ఒడ్డున బయట వండిన చేపల పులుసు తిన్నాం. అదే అయ్యుంటుంది.”

మంచం పక్కన హేమ నా వైపు చూసింది.

తలుపు దగ్గరి ఇద్దరిలో ఒకతను, “రమణమ్మ దగ్గరా సార్?” అన్నాడు.

“ఆఁ” అన్నాను.

అంతే. ఆ ఒక్క అక్షరంతో అయిపోయింది. రెండు రోజుల్లో ప్లాంటంతా పాకింది. ఆదివారానికి పులుసు చెప్పుకున్నవాళ్లు మానుకున్నారు. ఆమెకు వంట చెప్పొద్దని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. వాటర్ సార్‌నే పడుకోబెట్టిందంటే ఆ చేప ఎంత పాసిపోయి ఉండాలి అని నవ్వుకున్నారట. నన్ను చూడటానికి వచ్చినవాళ్లే ఆ మాట చెప్పారు. నేనూ నవ్వాను.

వాళ్లు పోయాక హేమ అంది: “కిరణ్ ఆ పులుసు రెండుసార్లు వేసుకున్నాడు. వాడికేం కాలేదే.”

“నువ్వు తినలేదు, నీకు రాలేదు. మేం తిన్నాం, నాకొచ్చింది” అన్నాను. జ్వరంలో కూడా నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో.

“నేను నీళ్లూ తాగలేదండీ” అంది. “మీరు చెప్పేదాకా నేను ఎవరితోనూ చెప్పను. కానీ ఆమె మొహం ఇంక నేను చూడలేను.” ఆ తర్వాత నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. నా మూతి తుడిచేది, మందులు వేసేది, దుప్పటి సరిచేసేది.

నేను చేరిన మూడో రోజున మధుకు జ్వరం వచ్చింది.

దాన్ని కింద అంతస్తులో పిల్లల వార్డులో పెట్టారు. హేమ మా ఇద్దరి మధ్యా మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరిగింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేనట్టు ఉండేది. రెండు రోజుల తర్వాత నాకు కాస్త తగ్గి, సెలైన్ సీసా చేత్తో పట్టుకుని కిందికి దిగి, వార్డు బయట బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాను. నా బలహీనత చూసి ఎవరో ఒకాయన లేచి గోడకు ఆనుకునే చోటు నాకిచ్చాడు. ఆయన మనవడికి ఆపరేషన్ అట. కూర్చోవయ్యా అన్నాడు తప్ప నాకేం జబ్బో అడగలేదు. అడగనందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నాకు వారంలో తగ్గుముఖం పట్టిన జ్వరం మధుకు దిగలేదు. పెదాలు ఎండి పగిలాయి. పొట్ట ఉబ్బింది. డాక్టరమ్మ పొట్ట మీద వేళ్లతో తట్టి చూసి, “ఇక్కడ నొప్పి ఎక్కువైతే క్షణం ఆగకుండా పిలవండి” అని నర్సుకు రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత రెండు రోజులు నేను దాని మంచం పక్కనే కూర్చున్నాను. నిద్రలో అది “చల్లగా ఉన్నాయి నాన్నా, చల్లగా ఉన్నాయి” అని కలవరించేది. ఏమిటి చల్లగా ఉన్నాయో నాకు తెలుసు.

పక్క మంచం పిల్ల తల్లి ఎస్తేరమ్మ అనే ఆవిడ. బిట్రగుంట నుంచి వచ్చారు. తన బిడ్డకు గంజి కలుపుకుంటూ హేమకూ ఒక గ్లాసు కలిపేది. ఒక సాయంత్రం హేమ దగ్గరకొచ్చి, “మీకు అభ్యంతరం లేకుంటే పాప కోసం ప్రార్థన చేస్తానక్కా” అంది. హేమ తలూపింది. ఆవిడ మధు తల మీద చెయ్యి పెట్టి మెల్లగా ప్రార్థించింది. చివర్లో “ఈ బిడ్డ తండ్రికి ధైర్యం ఇయ్యి ప్రభువా” అంది. ధైర్యం అన్నప్పుడు నాకు తల వంగిపోయింది. ఆవిడ అడిగిన ధైర్యం వేరు, నాకు లేని ధైర్యం వేరు.

మర్నాడు పొద్దున జ్వరం ఒక డిగ్రీ దిగింది. మధు కళ్లు తెరిచి దోసె కావాలంది. డాక్టరమ్మ సంతోషించి, మంచం అంచున కూర్చుని దానితో కబుర్లు పెట్టుకుంది.

“ఏమ్మా, బీచిలో ఏం తిన్నావు?”

మధు నా వైపు చూసింది. “రమణమ్మవ్వ చేపల పులుసు.”

“నీళ్లెక్కడివి తాగావు?”

“క్యాను నీళ్లే” అంది. చెప్పేసి మళ్లీ నా వైపు చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు.

నేను ఎవరి ముందూ అంత చిన్నబోలేదు. పదేళ్ల పిల్ల, నోరు ఎండిపోయి, పొట్ట ఉబ్బి పడుకుని నా అబద్ధం మోస్తోంది. ఎవరూ దానికి చెప్పలేదు. తనకు జ్వరం రాకముందు పైన నా మంచం దగ్గర ఎవరో మాట్లాడుకుంటుంటే విని ఉంటుంది. నాన్న పార్టీ అన్నది కదా, ఆ మాట మీదే ఉంది.

“కాదండీ” అన్నాను. “చెలమ నీళ్లు. నేనే తవ్వాను, నేనే తాగించాను. మరుగుదొడ్ల పక్కన.” మీటరు సంగతీ చెప్పాను. ప్లాంటులో ఏం పని చేస్తానో అదీ చెప్పాను, ఆమెకు తెలిసినా.

డాక్టరమ్మ కోప్పడలేదు. “మందు ఏం మారదులెండి. ఇప్పుడు ఇస్తున్నదే. ఆ గుంత పూడ్చారా?” అంది.

పూడ్చలేదు. మేం వచ్చేసేటప్పుడు అది అట్లాగే నోరు తెరుచుకుని ఉంది, పక్కన ముంచుకోవడానికి వీలుగా కొబ్బరి చిప్ప కూడా పెట్టి వచ్చాను. పాలెం పద్ధతి అది, దారిన పోయేవాళ్లు దాహం తీర్చుకుంటారని. వెంటనే కిరణ్‌కు ఫోన్ చేశాను. వాడు ఆ రోజే చెన్నై నుంచి వచ్చి పూడ్చాడు. ఒక్క ఎగతాళి మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ వెళ్లాక మధు అడిగింది: “నేను తప్పు చెప్పానా నాన్నా?”

“నువ్వు కాదమ్మా, నేను” అన్నాను. ఏడుపు ఆగలేదు. హేమ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. వారం తర్వాత తను నన్ను మందు కోసం కాకుండా ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక మూడు వారాలు మజ్జిగన్నం, మెత్తటి పప్పు. జుట్టు దువ్వితే కుచ్చులుగా ఊడేది. మధు మెట్లెక్కితే ఆయాసపడేది. పద్నాలుగు రోజుల మందుల కోర్సు జ్వరం తగ్గిందని మధ్యలో ఆపేస్తారు కొందరు, ఆపొద్దు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒడ్డుకు పోండి, గుడారాలు వేసుకోండి, కానీ నీళ్లు ఇంటి నుంచి మోసుకుపోండి. చాలకపోతే, దొరికిన నీళ్లను తేర్చి, గుడ్డలో వడగట్టి, తెర్లి పొంగు వచ్చిన తర్వాత కూడా ఒక నిమిషం మరగనివ్వండి. తేటగా ఉండటం, తియ్యగా ఉండటం, మీటరులో అంకె తక్కువ రావడం, ఇవేవీ ఆ పొంగుకు బదులు కావు. పళ్లు తోముకునే నీళ్లకూ ఇదే మాట. మీ చిన్నప్పటి ఊరు ఇప్పుడూ అట్లాగే ఉందని నమ్మకండి. స్టవ్వు తెచ్చిన బావమరిది మాట వినండి.

డ్యూటీలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం క్యాంటీన్లో లేచి నిలబడి చెప్పాను. పులుసులో ఏం లేదు, నేను మరుగుదొడ్డి పక్కన చెలమ తవ్వి తాగాను, పరువు కోసం అబద్ధమాడాను అని. ఎవరో “వాటర్ సారేనా?” అన్నారు. నవ్వారు. ఆ నవ్వుకు భయపడే కదా ఇదంతా చేసింది, తీరా చూస్తే పట్టుమని ఒక నిమిషం కూడా నవ్వలేదు, మళ్లీ అన్నంలో పడ్డారు.

ఆ ఆదివారం పాలేనికి పోయాను. రమణమ్మత్త వాకిట్లో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది.

“బిడ్డ కూడు తింటాండాదా అబ్బయ్యా?”

“తింటా ఉంది అత్తా.” నిలబడే అంతా చెప్పాను. చెలమ, మీటరు, ఆస్పత్రిలో అన్న మాట, క్యాంటీన్లో చెప్పిన మాట.

“ఆ రేకుల దొడ్లు కట్టినకాడ్నించి ఆ పక్క నీళ్లు మేమే తాగేది మానేసినాము నాయనా” అంది చివరికి. “ట్యాంకరొస్తాది, అయ్యే తాగేది. నన్నడిగుంటే చెప్పుందును గదా.”

“తప్పయిపోయిందత్తా. నలుగురిలో చెప్పినా. ఇంక అందరూ మళ్లీ నీ కాడికే వస్తారు.”

“వస్తే వస్తారు, లేకుంటే లేదు. అది కాదు.” ఆమె చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. “నీ మాట ఈడికొచ్చిన దినమే ఆ చట్టి తీసి పగలగొట్టినా. చేప పాసిందా, చింతపండు కుళ్లిందా, నా చెయ్యి సరింగా కడుక్కోలేదా అని కూచుని ఏడ్చినా. బిడ్డ సీరియస్‌గా ఉండాదని తెలిసి గంగమ్మకి మొక్కుకున్నా, నా వల్ల ఆ బిడ్డకేమన్నా అయితే నన్ను గూడా తీసకపొమ్మని. నా కూతురి బిడ్డ ఈడనే ఉండాది గదా, మూడేండ్లది. నెల దినాలు దానికి నా చేత్తో ముద్ద పెట్టలా. పక్కింటామె చేత పెట్టిస్తా ఉండా.”

ప్లాంటులో ఆమె పేరు పోయిందనుకున్నాను, గిరాకీ పోయిందనుకున్నాను. అవి తిరిగి తెచ్చి ఇద్దామని పోయాను. ఆమె దగ్గర నేను తీసుకున్నది అది కాదు.

“అయితే నా చేతుల్లో ఏం లేదు గదా అబ్బయ్యా?” అంది.

“ఏం లేదత్తా” అన్నాను.

ఆమె రెండు చేతులూ తిప్పి చూసుకుంది. మళ్లీ అదే మాట అడిగింది.